పొడపత్రి సారం పరీక్షలో నెగ్గితే షుగరు మాత్రలు మానవచ్చా?
(మూలికలు – ప్రయోగశాల పరీక్షలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు)

ప్రశ్న: ఉదయగిరి దుర్గం దిగువన ఉన్న మా ఊళ్లో పెద్దలు షుగరుకు పొడపత్రి ఆకు పొడి వాడతారు. నేను నెల్లూరులో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఆ ఆకును మిథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని పరీక్షించాము. డీపీపీహెచ్ ద్రావణం రంగు బాగా తగ్గింది, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాను పెంచిన పళ్లెంలో సారం చుట్టూ అది పెరగని 14 మిల్లీమీటర్ల వలయం వచ్చింది. ఔషధ గుణాలు రుజువయ్యాయని నివేదికలో రాశాము. ఆ మాట విన్న మా అమ్మ మాత్రలు మానేసి పొడి మాత్రమే వాడతానంటోంది. మానవచ్చా?
– ఒక విద్యార్థిని, ఉదయగిరి మండలం

సమాధానం: మాత్రలు మానవద్దని ముందు అమ్మగారికి చెప్పండి. మీరు చేసిన రెండు పరీక్షల్లో ఒక్కటి కూడా షుగరుకు సంబంధించినది కాదు.

డీపీపీహెచ్ అనేది యాంటీఆక్సిడెంట్ గుణం చూడటానికి వాడే, ఊదారంగులో ఉండే ఒక రసాయనం. ఎలక్ట్రాన్‌ను గానీ హైడ్రోజన్‌ను గానీ ఇవ్వగల పదార్థం తగిలితే ఆ రంగు పలచబడి పసుపులోకి దిగుతుంది. ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. ఫినాల్ జాతి పదార్థాలున్న ఆకు ఏదైనా ఈ పని చేస్తుంది. టీ డికాషన్ చేస్తుంది, దానిమ్మ తొక్క చేస్తుంది. గాజు గొట్టంలో రంగు తగ్గించిన పదార్థం కడుపులో జీర్ణరసాలను తట్టుకుని, పేగు గోడ దాటి, కాలేయంలో మార్పు చెందకుండా రక్తంలోకి చేరుతుందని ఈ పరీక్ష చెప్పదు, చెప్పే శక్తి కూడా దానికి లేదు.

ఇక వలయం సంగతి. మీరు కొలతలు రాయలేదు కనుక కళాశాలల్లో సాధారణంగా కనిపించే పద్ధతినే తీసుకుంటాను. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల సారం కలిపి, అందులో 50 మైక్రోలీటర్లు పళ్లెంలోని అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) పొరలో చేసిన గుంటలో పోస్తే, లోపలికి చేరిన సారం 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. పక్కన పోలిక కోసం పెట్టే, బ్యాక్టీరియాను చంపే సిప్రోఫ్లోక్సాసిన్ మందు బిళ్లలో ఉండే మందు 5 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లు ఎక్కువ పోసి తెచ్చుకున్న వలయాన్ని మందు వలయం పక్కన పెట్టి ‘దాదాపు సమానం’ అని రాయడం న్యాయం కాదు. పైగా వలయం ఎంత పెద్దదన్నది ఆ పదార్థం అగార్‌లో ఎంత దూరం పాకగలదన్న దానిపైన కూడా ఆధారపడుతుంది. అందుకే వలయంతో ఆగకుండా, బ్యాక్టీరియా పెరుగుదలను ఆపగల కనీస గాఢతను ద్రవ మాధ్యమంలో వరుసగా పలచన చేస్తూ కనుక్కోవాలి. సారం కరిగించిన ద్రావకాన్ని మాత్రమే పోసిన గుంట ఒకటి తప్పక ఉండాలి. ఆ గుంట చుట్టూ కూడా వలయం వస్తే మిగతా లెక్కంతా వృథా.

మీ ప్రశ్న షుగరు గురించి అయినప్పుడు పరీక్ష కూడా షుగరుకు సంబంధించినదే కావాలి. పిండి పదార్థాలను విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమును మీ సారం ఎంత అడ్డుకుంటుందో, అకార్బోజ్ అనే మందును ప్రమాణంగా పెట్టుకుని చూడవచ్చు. ఇది డిగ్రీ ప్రయోగశాలలోనూ సాధ్యమే. ఆ తరువాతి మెట్టు ఎలుకలు. దానికి సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. అక్కడ ముందు చూడవలసింది విషగుణం, ఆ పైన షుగరు వచ్చేలా చేసిన ఎలుకల్లో గ్లూకోజు తగ్గుదల. చివరిది మనుషులపై పరీక్ష. 2009 జూన్ నుంచి మన దేశంలో అలాంటి ప్రతి పరీక్షనూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి.

పొడపత్రి ఈ దారిలో కొంత దూరం నడిచిన మొక్కే కనుక దాన్ని తీసిపారేయమని నేను అనడం లేదు. నమిలితే కాసేపు పంచదార తియ్యదనం తెలియకుండా చేసే జిమ్నెమిక్ ఆమ్లాలు దాని ఆకులో ఉన్నాయి. 1990లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు టైప్ 2 షుగరు ఉన్న 22 మందికి, వారు వాడుతున్న మాత్రలతో పాటే, రోజుకు 400 మిల్లీగ్రాముల సారాన్ని 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. గ్లూకోజు తగ్గింది, మాత్రల మోతాదు తగ్గింది, ఐదుగురు మాత్రలు పూర్తిగా మానగలిగారు. ఆశ కలిగించే ఫలితమే. కానీ అక్కడ ఇచ్చింది గాఢత తెలిసిన సారం, ఇంట్లో దంచిన పొడి కాదు. ఎవరికి ఏది ఇవ్వాలో చీటీ తీసినట్లు నిర్ణయించి, ఒక వర్గానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన పరీక్ష కాదు. మిగిలిన 17 మంది మాత్రలు వాడుతూనే ఉన్నారన్నది కూడా మరువరాదు. అమ్మగారు పొడి వాడుతూ ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. మాత్ర, పొడి రెండూ కలిసి షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉంది. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయించండి.

ఇంకొక్క మాట. మీ ఆకు పొడపత్రేనని ఎవరు నిర్ధారించారు? పువ్వు లేదా కాయతో ఉన్న కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య అణచి ఆరబెట్టి, తీసిన చోటు, తేదీ రాసి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం వంటి చోట చూపించి, నమూనాను హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) నంబరుతో భద్రపరచాలి. ఆ నంబరు లేని నివేదిక ఏ మొక్కను పరీక్షించిందో రేపు ఎవరూ తేల్చలేరు. వెలిగొండల్లో, ముఖ్యంగా పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యంలో, అటవీ శాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా కోయకండి.

ప్రశ్న: మేము జ్వరానికి నేలవేము కషాయం కాచుకుంటాము. పరిశోధకులు మాత్రం ఆల్కహాల్‌తో సారం తీసి ఫలితాలు చెబుతారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, గిద్దలూరు

సమాధానం: ఒకటి కాదు. నేలవేములోని ముఖ్య పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ నీటిలో చాలా తక్కువగా, మిథనాల్‌లో బాగా కరుగుతుంది. కనుక ఆల్కహాల్ సారంపై వచ్చిన ఫలితాన్ని మీ గ్లాసులోని కషాయానికి అంటగట్టలేము. ద్రావకం, వేడి ఎంత తేడా తెస్తాయో చైనా శాస్త్రవేత్త తు యూయూ అనుభవం చెబుతుంది. మలేరియా మందు కోసం వెతుకుతున్న ఆమె బృందానికి చింగ్‌హావు మొక్క సారంతో మొదట నిలకడైన ఫలితాలు రాలేదు. ఆ మొక్కను నీటిలో నానబెట్టి పిండి రసం తాగమని ఉన్న ప్రాచీన వైద్య గ్రంథ వాక్యం చదివి, వేడే గుణాన్ని చంపుతోందేమోనని ఆమె అనుమానించారు. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో తీసిన సారం 1971 అక్టోబరులో ఎలుకల మలేరియాను పూర్తిగా అణచింది. ఆర్టెమిసినిన్ అలా దొరికింది; 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మన వైద్యులు ఏ మూలికను కషాయంగా, దేన్ని పచ్చి పసరుగా, దేన్ని నూనెలో వాడమన్నారో, ఆ రూపంలో కూడా పరీక్షించి తీరాలని నేను బలంగా నమ్ముతాను.

ప్రశ్న: 2021లో కృష్ణపట్నంలో ఆనందయ్య కోవిడ్‌కు పంచిన మూలికల మందును పరీక్షించాకే అనుమతించారు కదా. అంటే కోవిడ్‌కు పనిచేసినట్లే కదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: కాదండీ. ఆ ఏడాది మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతా మందుల పంపిణీకి అనుమతించింది. నోటితో తీసుకునే వాటివల్ల హాని కనబడలేదన్నదే దానికి ఆధారం. కోవిడ్‌ను తగ్గిస్తుందని నివేదికలు తేల్చలేదు. హాని లేదనడం ఒక నిర్ణయం, నయం చేస్తుందనడం వేరే నిర్ణయం. రెండోదానికి మందు తీసుకున్నవారిని, తీసుకోనివారిని పక్కపక్కన ఉంచి లెక్క కట్టాలి. ఆప్తులకు ఆక్సిజన్ దొరకని ఆ రోజుల్లో ఊరి దారుల్లో నిలబడ్డవారిని తప్పుపట్టే మనసు నాకు లేదు.

ప్రశ్న: పిల్లల కడుపులో పురుగులకు మా అత్తగారు గాడిదగడపాకు పసరు పట్టిస్తారు. పరీక్ష చేయించాలంటే ఎక్కడికి పంపాలి?
– ఒక తల్లి, కందుకూరు

సమాధానం: ఎక్కడికీ పంపనవసరం లేదు, ఈ రోజే ఆపండి. ఈ మొక్క అరిస్టలోకియా జాతికి చెందినది. ఈ జాతి మొక్కల్లో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మాత్రల్లో ఒక మూలికకు బదులు ఇదే జాతి మూలిక కలిసిపోయి, వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. హాని వెంటనే కనబడదు, ఏళ్ల తరువాత బయటపడుతుంది కనుకనే మన పెద్దల అనుభవానికి అది అందలేదు. మీ అత్తగారిని నొప్పించకుండా ఈ సంగతే చెప్పండి. పురుగులకు ఆల్బెండజోల్ మాత్రను జాతీయ నులిపురుగుల నివారణ దినాల్లో అంగన్‌వాడీల్లోనూ బడుల్లోనూ ఉచితంగా ఇస్తారు. పసరు చాలాసార్లు పట్టించి ఉంటే పిల్లలకు సీరం క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష ఒకసారి చేయించి ఆ కాగితాలు పిల్లల డాక్టరుకు చూపించండి.