తాతగారి రికార్డుల్లో జాతిని గేలిచేసే పాటలుంటే అమ్మొచ్చా?

తాతగారి పెట్టెలో దొరికిన 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోన్) రికార్డుల్లో నల్లజాతివాళ్లను వెక్కిరించే పాటలున్నాయి, అమ్మితే తప్పా అని ఒకరు అడిగారు. అమ్మొచ్చు. 1890ల నుంచి అమెరికాలో ఇలాంటివి కుప్పలుగా వచ్చాయి. చరిత్ర పరిశోధకులు, ఆర్కైవులు వీటిని సేకరిస్తారు. పాట పేరు బాగోలేదని మార్చేయకండి. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టే రాసి, లోపల ఏముందో ముందే చెప్పండి. లేబుల్ చుట్టూ నున్నగా ఉండే భాగంలో సాధారణంగా మ్యాట్రిక్స్ నంబరు, అంటే రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన గుర్తు నంబరు, చెక్కి ఉంటుంది. దాన్ని ఏటవాలు వెలుగులో ఫొటో తీయండి, ఏ రికార్డింగో తేల్చేది అదే. స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు, ఈ రికార్డుల్లో వాడిన లక్క కరిగిపోతుంది!

స్వస్తిక ముద్ర ఉన్న నాజీ రికార్డుల సంగతి వేరు. జర్మనీలో పరిశోధన, విద్య లాంటి మినహాయింపులు తప్పిస్తే ఆ గుర్తును బహిరంగంగా చూపడం నేరం. అలాంటివి దొరికితే నేరుగా మ్యూజియంకే ఉత్తరం రాయడం నయం.