షోస్టకోవిచ్ మొదటి సింఫనీ: రికార్డింగ్ ఉండగా హాల్‌కి వెళ్లాలా?

రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ మొదటి సింఫనీకి (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతికి) మంచి రికార్డింగ్ చేతిలో ఉండగా అంత డబ్బు పెట్టి టికెట్ కొనడం దండగ కాదా అని అడిగారు. కాదండీ, తప్పకుండా వెళ్లండి. ఇక్కడ అమెరికాలో వీలు చిక్కినప్పుడల్లా ఈ సింఫనీ వినడానికి వెళ్తుంటాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఇందులో ఒక్కో వాద్యం విడిగా ముందుకొచ్చే చోట్లు చాలా ఎక్కువ. మొదలవడమే మ్యూట్ (శబ్దాన్ని తగ్గించే మూత) పెట్టిన ట్రంపెట్, దాన్నంటుకుని బసూన్ అనే మంద్రస్వరపు గాలి వాద్యం. హెడ్‌ఫోన్స్‌లో రెండూ చెవి పక్కనే ఉన్నట్టుంటాయి. హాల్లో అయితే అంతమంది వాద్యాలు పట్టుకుని ఊరకే కూర్చుని ఉండగా ఎక్కడో వెనక నుంచి ఆ సన్నటి ట్రంపెట్ వస్తుంది. రెండో మూవ్‌మెంట్ (సింఫనీలోని భాగం) చివర్లో పియానో ఒక్కటే ఢామ్మని కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) కొడుతుంది. కుర్రాడిగా షోస్టకోవిచ్ లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) థియేటర్లలో మూకీ సినిమాలకు పియానో వాయించి ఇల్లు గడిపినవాడు. ఆ చోటు వచ్చినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

నన్ను మళ్లీ మళ్లీ రప్పించేది మాత్రం నాలుగో మూవ్‌మెంట్‌లోని టింపనీ, అంటే గిన్నె ఆకారంలో ఉండే పెద్ద డ్రమ్ములు. ఆర్కెస్ట్రా అంతా హోరెత్తి ఒక్కసారిగా ఆగిపోతుంది. టింపనీ ఒక్కటే ఒక చిన్న మాట పలుకుతుంది: మొదట గుండె అదిరేలా, తర్వాత కాస్త తగ్గి, చివరికి వినపడీ వినపడనట్టు. మధ్యలో వచ్చే మౌనంలో హాలంతా ఊపిరి బిగబట్టడం తెలుస్తుంది. ఆ వెంటనే సెల్లో (వయొలిన్ కంటే పెద్ద తంత్రీ వాద్యం) ఒక్కటే వాయిస్తుంది. పంతొమ్మిదేళ్లకి, కన్సర్వేటరీ (సంగీత కళాశాల) చదువు ముగింపు పనిగా రాసిన సంగీతంలో ఇంత ధైర్యం ఎలా వచ్చిందో!

1926 మే 12న లెనిన్‌గ్రాడ్‌లో ఆర్కెస్ట్రా కండక్టర్ నికొలాయ్ మల్కో దీన్ని మొదటిసారి నడిపించినప్పుడు జనం రెండో మూవ్‌మెంట్‌ని మళ్లీ వాయించమని పట్టుబట్టారు. షోస్టకోవిచ్ జీవితాంతం ఆ తేదీని పండుగలా గుర్తుపెట్టుకున్నారు. అదే వేసవిలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో అదే మల్కో ఆరుబయట చేస్తే, మొదలవుతూనే కుక్కలు మొరిగాయట. ఇంత నాజూకు మొదలున్న సంగీతానికి నిశ్శబ్దమైన హాల్ ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. 1927లో బెర్లిన్‌లో బ్రూనో వాల్టర్, ఆ మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలో స్టొకోవ్‌స్కీ అనే కండక్టర్లు చేశాక ప్రపంచమంతా తెలిసింది.

సీటు సంగతి. మన కచేరీల్లోలాగా ముందు వరుస కోసం చూడకండి. అక్కడ వయొలిన్లే కనిపిస్తాయి, వెనకున్న గాలి వాద్యాలూ టింపనీ కనపడవు. బాల్కనీ ముందు వరుసల్లో దొరికితే తీసుకోండి, చాలా హాళ్లలో ధర కూడా తక్కువే. మొత్తం అరగంట పైచిలుకు. మూడో మూవ్‌మెంట్ ఆగదు, స్నేర్ డ్రమ్ మోతతో నేరుగా నాలుగోదాంట్లోకి వెళ్లిపోతుంది, కాబట్టి నీళ్లు తాగాలన్నా దగ్గాలన్నా రెండోది అయిపోగానే కానిచ్చేయండి.