పక్షి డేటాకు మావోరీల అనుమతి: పీహెచ్‌డీ మధ్యలో ఆగిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్ రెండో ఏడాది. న్యూజిలాండ్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. అక్కడి పక్షుల జన్యు డేటా వాడాలంటే ఆ దేశపు మూలవాసులైన మావోరీల అనుమతి ఉండాలట. రేపు వాళ్లు కాదంటే చదువు మధ్యలో ఆగిపోదా? – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ టెన్షన్‌లో అర్థముంది. అనుమతి సంగతి నిజమే. కాకాపో అని ఎగరలేని చిలుక ఒకటుంది. 169 కాకాపోల జన్యుక్రమాలపై చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఆ డేటా ఎవరు పడితే వాళ్లు డౌన్‌లోడ్ చేసుకునేది కాదు. అక్కడి ప్రకృతి సంరక్షణ శాఖకు, న్గాయ్ తాహు అనే మావోరీ తెగకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ పక్షి వాళ్లకు 'తవోంగా', అంటే తరతరాలుగా కాపాడుకుంటున్న సొత్తు. జన్యువుల్ని కంప్యూటర్లోకి ఎక్కించినంత మాత్రాన ఆ బంధం తెగిపోదంటారు వాళ్లు. నాకైతే ఇందులో పేచీ పెట్టాల్సిందేమీ కనబడదు.

దీనివల్ల పరిశోధన ఆగిందా అంటే, టువటారా సంగతి చూడండి. బల్లిలా కనిపించినా బల్లి కాని ఈ సరీసృపం జన్యుక్రమం మనిషిదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఒటాగో యూనివర్సిటీ శాస్త్రవేత్తలు న్గాతివాయ్ తెగను మొదటి నుంచీ కలుపుకుని పనిచేశారు. 2020లో 'నేచర్'లో పేపర్ వచ్చింది. రచయితల జాబితాలో ఆ తెగ ట్రస్టు పేరు కూడా ఉంది.

చిక్కల్లా ప్రపోజల్ మొత్తం రాసేసుకుని, చివర్లో సంతకం కోసం వెళ్లేవాళ్లకే. అందుకని మీ అమ్మాయిని ఇప్పుడే గైడ్‌కి మెయిల్ పెట్టమనండి. ఈ ప్రాజెక్టుకు తెగ అనుమతి వచ్చిందా? ఏయే పనులకు వచ్చింది? థీసిస్, పేపర్లు అచ్చుకు ముందు వాళ్లు చూడాలా? చూస్తే ఎంత టైం పడుతుంది? 'అదంతా తర్వాత చూద్దాం' అన్నాడంటే ఇంకో ల్యాబ్ వెతుక్కోవడం మేలు.

ఇంకో మాట. కోడింగ్ వచ్చినవాళ్లు బోలెడుమంది. స్థానిక తెగలతో కూర్చుని మాట్లాడి, ఒప్పందం చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు తక్కువ. జన్యు వనరుల వాడకం, లాభాల పంపకంపై 2010లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నగోయా ప్రోటోకాల్‌ను, మన 2002 జీవవైవిధ్య చట్టాన్ని ఈ సెలవుల్లోనే చదవమనండి. తిరిగొచ్చినా ఆ చదువు వృథా పోదు. ఎర్రచందనం వాడుకున్నవాళ్ల నుంచి వసూలైన సొమ్ములో రైతులకు వాటా డబ్బు అందింది ఆ చట్టం కిందే, చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ ద్వారా. అక్కడ పోస్టులు ఎక్కువుండవు, ఆ మాట దాచను. కంపెనీలకూ ఈ అనుమతుల పని తెలిసినవాళ్లు కావాలి.

గైడ్ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా మాత్రం ఎవరికీ ఫీజు కట్టకండి.