రెండు వాట్ల వాల్వ్ ఆంప్లిఫయర్‌కు బల్ల మీద పెట్టుకునే స్పీకర్లు: పెట్టె కొలత ఎలా తేల్చాలి?

ఈఎల్84 వాల్వును (పాత రేడియోల్లో ఉండే రకం గాజు గొట్టాన్ని) ట్రయోడ్ పద్ధతిలో, అంటే మూడు ఎలక్ట్రోడ్ల వాల్వులా పనిచేసేలా కలిపిన సింగిల్ ఎండెడ్ (ఒక్కో స్పీకరును ఒక్క వాల్వే నడిపే) ఆంప్లిఫయర్ మీ దగ్గర ఉందని రాశారు. అది ఇచ్చే 2 వాట్లు నాలుగంగుళాల ఫుల్ రేంజ్ (అన్ని స్వరాలనూ ఒకే కోనుతో పలికే) స్పీకరుకు సరిపోతాయా అనీ, ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ల కోసం గీసిన పెట్టె ప్లానునే వాడుకోవచ్చా అనీ అడిగారు. వాట్లు సరిపోతాయి. ప్లానును మాత్రం ఉన్నదున్నట్టుగా వాడవద్దు. నేను అలాగే వాడి, తయారైన పెట్టెలను మళ్లీ విప్పవలసి వచ్చింది.

వాట్ల సంగతి త్వరగా తేలిపోతుంది. ఫాస్టెక్స్ ఎఫ్ఈ103 రకం డ్రైవర్లు (పెట్టెలో బిగించే స్పీకరు యూనిట్లు) ఒక వాటుకు ఒక మీటరు దూరంలో సుమారు 89 డెసిబెల్స్ ఇస్తాయి. బల్ల ముందు కూర్చున్నప్పుడు స్పీకరు మీకు 60 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి మరో 4 డెసిబెల్స్ కలిసివస్తాయి, రెండో స్పీకరు వల్ల ఇంకొంత చేరుతుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే, మీకు కావలసినదాని కంటే ఎక్కువే ఉందని తెలుస్తుంది. అయితే 4 ఓముల డ్రైవరు కొంటున్నట్లయితే, 2.83 వోల్టుల వద్ద (8 ఓములకు ఇది 1 వాటు) ఇచ్చిన అంకెలో నుంచి 3 డెసిబెల్స్ తీసేసి చూడండి, ఎందుకంటే అక్కడ నిజంగా ఖర్చయ్యేది 2 వాట్లు.

ఇక పెట్టె. నేను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, లోపలి కొలత 13, 15.5, 25 సెంటీమీటర్లుగా, అంటే దాదాపు 5 లీటర్ల పెట్టెలు రెండు చేయించాను. కంప్యూటర్ లెక్క ప్రకారం పోర్టును (పెట్టెలోని గాలి బయటికి కదిలే గొట్టాన్ని) 90 హెర్ట్జ్‌కు శ్రుతి చేశాను. లోపలి వ్యాసం 3.5 సెంటీమీటర్లున్న గొట్టానికి ఆ లెక్కలో పొడవు 4.5 సెంటీమీటర్లు వచ్చింది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ మీద అవి చక్కగా పాడాయి. అవే పెట్టెలను వాల్వ్ ఆంప్లిఫయర్‌కు తగిలించి ఒక కర్ణాటక కచేరీ పెట్టగానే మృదంగం తొప్పి (ఎడమవైపు) మీది దెబ్బలన్నీ ఒకే స్వరంలో, కుండలో కొట్టినట్టు గుమ్మనసాగాయి. గాయకుడి గొంతు దిగువ స్థాయికి వెళ్లినప్పుడల్లా అదే గుమ్ము వచ్చి మాటను మింగేసేది.

దోషం డ్రైవరుదీ కాదు, ఆంప్లిఫయర్‌దీ కాదు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ను వెనక్కి పంపి సరిదిద్దే ఏర్పాటు) లేని వాల్వ్ ఆంప్లిఫయర్‌కు అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే దాని సొంత నిరోధం, ఎక్కువ. కోను తనంతట తాను ఊగినప్పుడు కాయిల్‌లో పుట్టే విద్యుత్తే దానికి బ్రేకు వేస్తుంది, ఆ విద్యుత్తు ఆంప్లిఫయర్ గుండా తిరిగిరావాలి. దారిలో నిరోధం పెరిగితే బ్రేకు బలహీనపడుతుంది, కోను ఆగకుండా ఊగుతుంది, అదే ఆ గుమ్ము. లెక్కలో చెప్పాలంటే, కాయిల్ నిరోధం 7 ఓములు, ఆంప్లిఫయర్ ఇంపీడెన్స్ 4 ఓములు అయితే డ్రైవరు క్యూఈఎస్ (ఈ విద్యుత్ బ్రేకు ఎంత బలహీనమో చెప్పే అంకె) విలువ 11/7 రెట్లు అవుతుంది. 0.4 ఉన్నది 0.63కు చేరుతుంది. క్యూఎంఎస్ (యాంత్రిక బ్రేకుకు అలాంటి అంకె) 3 అనుకుంటే రెండూ కలిపిన మొత్తం క్యూటీఎస్ 0.35 నుంచి 0.52కు పోతుంది. అంటే మీరు కొన్న డ్రైవరు వేరు, పెట్టెలో కూర్చుని పాడుతున్న డ్రైవరు వేరు.

కాబట్టి ప్లైవుడ్ కోయించకముందే మీ ఆంప్లిఫయర్ ఇంపీడెన్స్ కొలవండి. 8 ఓముల ట్యాప్‌కు (ఆంప్లిఫయర్‌లో స్పీకరు తగిలించే చోటుకు) స్పీకరుకు బదులు 8 ఓముల రెసిస్టర్ తగిలించి, 200 హెర్ట్జ్ స్వరం ఇచ్చి, మల్టీమీటరులో ఏసీ 1 వోల్టు వచ్చేలా వాల్యూమ్ సరిచేయండి. తర్వాత ఆంప్లిఫయర్ ఆపి, వాల్యూమ్ కదపకుండా 16 ఓములు తగిలించి మళ్లీ చూడండి. నా మీటరులో 1.2 వోల్టులు చూపింది. ఆ 0.2 వోల్టుల తేడాను రెండు సందర్భాల కరెంట్ల తేడాతో, అంటే 0.125లో నుంచి 0.075 తీసేయగా మిగిలిన 0.05 ఆంపియర్లతో భాగిస్తే 4 ఓములు వస్తుంది. లోడు (స్పీకరు లేదా రెసిస్టర్) ఏదీ లేకుండా ఆంప్లిఫయర్‌ను నడపకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు.

కొత్త క్యూటీఎస్ విలువతో లెక్కించి నేను అదే గొట్టాన్ని 9 సెంటీమీటర్లకు పెంచాను, శ్రుతి 70 హెర్ట్జ్ దగ్గరికి దిగింది. గుమ్ము పోయి తొప్పి నాదంలో హెచ్చుతగ్గులు వినబడ్డాయి. మరో రోజు పోర్టును గుడ్డతో గట్టిగా మూసి కూడా విన్నాను. అప్పుడు బాస్ 120 హెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలైనా చాలా శుభ్రంగా ఉంది. మీ బల్ల గోడకు ఆనుకుని ఉంటే ఈ మూసిన పెట్టెనే నేను సిఫారసు చేస్తాను. 8 ఓముల స్పీకరును 4 ఓముల ట్యాప్‌కు కలపడం మరో మార్గం. ఆంప్లిఫయర్ ఇంపీడెన్స్ సగమవుతుంది, పవరు కొంత తగ్గుతుంది. ట్రయోడ్ పద్ధతిలో వక్రీకరణ కూడా తగ్గుతుంది కాబట్టి అది తప్పక ప్రయత్నించదగినది.

పెట్టె ముందుభాగం 15 సెంటీమీటర్ల వెడల్పే కావడం వల్ల సుమారు 750 హెర్ట్జ్ పైన శబ్దం కాస్త ముందుకొచ్చి పలచగా వినిపించవచ్చు. దానికి 1 మిల్లీహెన్రీ కాయిల్‌ను 4 ఓముల రెసిస్టర్‌తో సమాంతరంగా కలిపి స్పీకరుకు సిరీస్‌లో పెడతారు, కానీ అది పై స్వరాలలో దాదాపు 3.5 డెసిబెల్స్ తినేస్తుంది. 2 వాట్లతో నడిచేవారికి ఇది చిన్న ఖర్చు కాదు. ముందు స్పీకర్లను గోడకు దగ్గరగా జరిపి వినండి, నా గదిలో అంతటితోనే సరిపోయింది. ఇంత చిన్న ఫుల్ రేంజ్ కోను కూడా పై స్వరాలను ఎదురుగానే పంపుతుంది కనుక పెట్టె ముందు అంచు కింద చిన్న చెక్క ముక్క పెట్టి, డ్రైవరు మీ చెవి వైపు చూసేలా వెనక్కి వాల్చండి. దీనివల్ల బల్ల మీద పడి తిరిగివచ్చే శబ్దం కూడా తగ్గుతుంది.

పోర్టు గొట్టానికి వెంటనే జిగురు వేయకండి. దాని చుట్టూ కాగితపు టేపు బిగుతుగా చుట్టి రంధ్రంలో దూర్చి, కొన్నాళ్లు వేర్వేరు పొడవులతో వినండి. మీ ఆంప్లిఫయర్ మీద వచ్చిన రెండు వోల్టేజీలు, డ్రైవరు కాయిల్ నిరోధం, క్యూఈఎస్, క్యూఎంఎస్ విలువలు ఇక్కడ రాస్తే గొట్టం పొడవు లెక్కించి చెబుతాను.