యానిమేషన్ బొమ్మల్లో గీత లావు గురించి శ్రావ్యకు పెద్దమ్మ రాసింది

శ్రావ్యా,

గేదె ఫైలు తెరిచి చూశాను. నడక బాగుంది, వెనక కాళ్ళ జోలికి ఇక పోకు. నువ్వు అడిగింది గీతల గురించి కాబట్టి అదే మాట్లాడతాను. "ఎంత దిద్దినా బొమ్మ చప్పగానే ఉంది పెద్దమ్మా" అన్నావు కదా, చప్పగా ఉండక ఏం చేస్తుంది, కొమ్ము కొన దగ్గర ఎంత లావుందో పొట్ట కింద కూడా అంతే లావు, కనురెప్పకీ అంతే. నువ్వు బొమ్మలు కదిలించే ఆ సాఫ్ట్‌వేర్, సిన్‌ఫిగ్, నీకు అడగకుండా ఇచ్చిన వెడల్పుని నువ్వు అలాగే ఉంచేశావు. సాఫ్ట్‌వేర్‌కి బరువు ఎక్కడుందో తెలియదు, నువ్వే చెప్పాలి.

ముందు ఒక పని చెయ్యి. ఇంట్లో అమ్మ దగ్గర బాపు గారి బొమ్మలున్న పాత వారపత్రికలు ఉండాలి, ఒకటి తీసి ఒక్క బొమ్మ మీద వేలు పెట్టి గీత వెంట వెళ్ళు. ఎక్కడ లావెక్కింది, ఎక్కడ సన్నబడింది, ఎక్కడ అసలు గీతే లేకుండా వదిలేశారు అని చూడు. మేము కాగితం మీద క్లీనప్ చేసే, అంటే కచ్చా బొమ్మని శుభ్రమైన గీతతో మళ్ళీ గీసే రోజుల్లో మా సీనియర్లు మొదటి నెలంతా ఇదే చూడమనేవాళ్ళు. నాకు అప్పుడు బోర్ కొట్టేది, కానీ ఇప్పటికీ వెడల్పు మార్చే ముందు నేను అడుగుతున్నది అదే ప్రశ్న, ఈ గీత బరువు మోస్తోందా లేదా అని. పొట్ట కింద, గిట్టల దగ్గర, మెడ కింద వేలాడే చర్మం దగ్గర మోస్తుంది, అక్కడ లావు. వీపు మీద ఎండ పడుతుంది, అక్కడ సన్నం. రెండు గీతలు కలిసే మూలల్లో, అంటే కాలు పొట్టలో కలిసే చోట, కాస్త ముద్దగా ఉండాలి. ఇంతకంటే పెద్ద సూత్రం ఏదీ లేదు.

ఇప్పుడు నీ ఫైల్లో అసలు రోగం. వీపు గీతకి ఎన్ని పాయింట్లు పెట్టావో చూసుకున్నావా? మెడ నుంచి తోక దాకా కిక్కిరిసి ఉన్నాయి. వీపుకి నాలుగు చాలు: మెడ మూలం, మూపురం ఉండే చోటు (గేదెకి మూపురం ఉండదనుకో, ఆ ఎత్తు), నడుము పల్లం, తోక మొదలు. మిగతాదంతా పసుపు రంగు టాంజెంట్ హ్యాండిల్స్, అంటే పాయింట్ దగ్గర వంపుని తిప్పే పిడులు, చూసుకుంటాయి. పాయింట్లు ఎక్కువైతే ఆకారం మార్చాలన్నా అన్నిటినీ కదపాలి, వెడల్పు మార్చాలన్నా అన్నిటినీ కదపాలి, ఎందుకంటే మామూలు అవుట్‌లైన్ లేయర్‌లో (గీత ఉండే పొరలో) వెడల్పు ఉండేది ఆ పాయింట్ల దగ్గరే. అందుకే ముందు ఆకారం, పాయింట్లు తగ్గించడం, అది కుదిరాకే వెడల్పు. వెడల్పు దిద్దేశాక పాయింట్ తీసేస్తే దాంతోపాటు అక్కడ నువ్వు దిద్దిన లావు కూడా పోతుంది.

కొమ్ము మొన దగ్గర గుండ్రంగా వచ్చేసింది కదా, అక్కడ పాయింట్ మీద రైట్ క్లిక్ చేసి టాంజెంట్‌ని స్ప్లిట్ చెయ్యి. యాంగిల్ వేరు, రేడియస్ వేరు, రెండూ విడదీస్తే రెండు వైపుల హ్యాండిల్స్ దేనికదే కదులుతాయి, మొన పదునుగా వస్తుంది. మొన కోసం పక్కపక్కనే మూడు పాయింట్లు పెట్టే అలవాటు మానెయ్.

ఇక వెడల్పు. వెడల్పు హ్యాండిల్స్ నీకు కనపడటం లేదన్నావు, అవి దాగి ఉంటాయి, ఆల్ట్ పట్టుకుని 5 నొక్కు, బయటికొస్తాయి. ఒక్కో పాయింట్ దగ్గర ఒకటి ఉంటుంది, లాగితే లావు, లోపలికి నొక్కితే సన్నం. సున్నా దాకా తీసుకెళ్తే గీత ఆ చివర సూదిలా మాయమవుతుంది, కనురెప్పకీ, చెవిలో వెంట్రుకలకీ అదే కావాలి. విడ్త్ టూల్ అని ఇంకోటి ఉంది, మౌస్ నొక్కి గీత మీద తిప్పితే లావెక్కుతుంది, కంట్రోల్ పట్టుకుని తిప్పితే తగ్గుతుంది. చేతికి హాయిగా ఉంటుంది కానీ నేను దాన్ని మొదటి అంచనాకే వాడతాను, చివరికి హ్యాండిల్స్‌తోనే సరిచేస్తాను. టూల్‌తో తిప్పుతూ కూర్చుంటే ఎంత పెంచామో లెక్క ఉండదు.

ప్యారామీటర్లలో విడ్త్, ఎక్స్‌పాండ్ అని రెండున్నాయి, నువ్వు రెండూ కెలికావు. విడ్త్ అనేది అన్ని పాయింట్ల వెడల్పునీ గుణిస్తుంది, ఎక్స్‌పాండ్ అన్నిటికీ కలుపుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చూడు, కొనని సున్నా చేసి సూదిలా తెచ్చాక విడ్త్ ఎంత పెంచినా సున్నా సున్నాగానే ఉంటుంది, కొన చెడదు. అదే ఎక్స్‌పాండ్ పెంచితే సున్నాకి కూడా కలిసి కొన మొద్దుబారుతుంది. నీ గేదె కనురెప్పలు మొద్దుగా ఉన్నది అందుకే. ఎక్స్‌పాండ్ సున్నాకి తెచ్చి మళ్ళీ చూడు.

అంకెలు కావాలన్నావు. 1920 × 1080 ఫ్రేములో నేనైతే బయటి గీతకి 8 పిక్సెల్స్, లోపలి మడతలకి 5, ముఖంలో 3 దగ్గర మొదలుపెడతాను, అక్కడినుంచి పైకీ కిందికీ. సూదిలా ముగిసే కొనలు తప్ప ఎక్కడా 2 కంటే కిందికి వెళ్ళకు. నీ కథలు చూసేది పిల్లలు, వాళ్ళు చూసేది అమ్మ ఫోన్లో, అంత సన్నటి గీత కదిలేటప్పుడు మిణుకు మిణుకుమంటుంది. రెండర్ చేసి ల్యాప్‌టాప్‌లో చూసుకుని మురిసిపోకు, ఫోన్‌కి పంపుకుని చేయి చాపినంత దూరంలో పెట్టి చూడు.

తోక సంగతి వేరు. నువ్వు తోకని రెండు వైపులా గీతలు గీసి మధ్యలో రంగు నింపావు, ఊపిన ప్రతిసారీ రెండు వైపులా సరిచేస్తూ ఎంత కష్టపడ్డావో వేపాయింట్లు (ఏ ఫ్రేములో ఏ విలువ ఉండాలో గుర్తుపెట్టే చుక్కలు) చూస్తేనే తెలుస్తోంది. అది తీసేసి అడ్వాన్స్‌డ్ అవుట్‌లైన్ ఒకటి గియ్యి, ఒకే ఒక్క గీత, మూడు పాయింట్లు. ఈ లేయర్‌లో వెడల్పు పాయింట్లు ఆకారం పాయింట్ల నుంచి విడిగా ఉంటాయి, గీత మీద నీకు నచ్చిన చోట విడ్త్‌పాయింట్ పెట్టుకోవచ్చు. మొదట్లో లావు, చివరికి సన్నం, చివరి టిప్‌ని పీక్ (మొనదేలిన కొన) అని పెట్టు, కుచ్చు విడిగా గీసి అంటించు. ఊపేటప్పుడు మూడు పాయింట్లనే కదుపు, లావు దానంతటదే వెంట వస్తుంది. చుట్టూ నల్ల అంచు కావాలంటే అదే స్ప్లైన్‌కి (పాయింట్లతో గీసిన ఆ వంపు గీతకి) లింకైన ఇంకో అడ్వాన్స్‌డ్ అవుట్‌లైన్ని నల్లగా వెనకపెట్టి, దానికి మాత్రం ఎక్స్‌పాండ్ కొంచెం పెంచు. ఎక్స్‌పాండ్ వద్దని ఇప్పుడే తిట్టి ఇక్కడ వాడమంటోందేమిటి అనుకుంటావేమో, ఇక్కడ అన్నిచోట్లా సమానంగా కలవడమే మనకి కావాలి.

గేదె మీద వాలే కొంగ ఎలా చెయ్యాలో తెలియక వదిలేశానన్నావే, దాని మెడ కూడా ఇదే. తెల్లటి లావు గీత ఒక్కటి, ఎస్ ఆకారంలో. విడ్త్‌పాయింట్‌కి పొజిషన్ అని ఒక విలువ ఉంటుంది, గీత మొదలు 0, చివర 1, మధ్యలో ఎక్కడైనా. ఆ పొజిషన్‌ని కూడా యానిమేట్ చెయ్యొచ్చు. కొంగ పురుగుని మింగినప్పుడు, మెడని ముక్కు దగ్గర మొదలుపెట్టి గీసి ఉంటే, కాస్త లావైన విడ్త్‌పాయింట్ ఒకటి 0.1 దగ్గర పెట్టి పది పన్నెండు ఫ్రేముల్లో 0.9 దాకా జరుపు. మెడలోంచి ముద్ద దిగుతున్నట్టు కనిపిస్తుంది, ఆకారం పాయింట్ ఒక్కటి కూడా ముట్టుకోకుండా. రెండు వైపులా ఇంకో విడ్త్‌పాయింట్ చొప్పున మామూలు వెడల్పుతో దాని వెంటే జరపాలి, లేకపోతే మెడంతా ఉబ్బుతుంది. పిల్లలు దీనికి పడి పడి నవ్వుతారు, చేసి చూడు.

యానిమేట్ మోడ్ జాగ్రత్త. కాన్వాస్ చుట్టూ ఎర్ర గీత ఉన్నంతసేపూ నువ్వు ముట్టుకున్న ప్రతిదీ వేపాయింట్ అయి కూర్చుంటుంది. నీ ఫైల్లో 37వ ఫ్రేములో పొట్ట ఉన్నట్టుండి లావెక్కడానికి కారణం అదే, ఎర్ర గీత ఉండగా వెడల్పు దిద్దావు. అసలు వెడల్పులు ఎప్పుడూ ఆ మోడ్ ఆపేసి దిద్దుకోవాలి. కదలికలో భాగంగా మారాల్సినవి ఉంటే అప్పుడే ఆన్ చెయ్యి, అలాంటివి నిజానికి చాలా తక్కువ.

అవి ఉన్నచోట ఇంకో చిక్కు వస్తుంది. టీసీబీ అని ఉన్న వేపాయింట్లు కదలికకి మెత్తదనం ఇస్తాయి కానీ విలువ అసలు హద్దు దాటి వెళ్ళి వెనక్కొస్తుంది. చెయ్యి ఊపడానికి అది బాగుంటుంది. వెడల్పుకి పెట్టావంటే రెండు వేపాయింట్ల మధ్యలో గీత ఎలుకని మింగిన పాములా ఉబ్బి మళ్ళీ తగ్గుతుంది, ఎక్కడ తప్పు చేశావో అర్థం కాక జుట్టు పీక్కుంటావు. వేపాయింట్ మీద రైట్ క్లిక్ చేసి క్లాంప్డ్‌కి మార్చు, హద్దు దాటదు.

కెమెరా దగ్గరికెళ్ళే షాట్‌లో గీతలు బండగా అయిపోతున్నాయన్నావు. గ్రూప్ మొత్తాన్ని పెద్దది చేస్తున్నావు కాబట్టి గీత కూడా దాంతోపాటు పెరుగుతుంది, రెండింతలు దగ్గరికెళ్తే 8 పిక్సెల్స్ గీత 16 అవుతుంది. దీనికి విరుగుడు విడ్త్ ప్యారామీటర్ని ఆ షాట్‌లో తగ్గించడం. అయితే ముప్పై లేయర్లకి ముప్పై సార్లు చేస్తూ కూర్చోకు. ఒక లేయర్‌లో విడ్త్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చెయ్యి, ఏదో పేరు పెట్టు, నేనైతే బయటి గీతలకి ఒకటి, లోపలి గీతలకి ఒకటి, ముఖానికి ఒకటి పెడతాను. తర్వాత లైబ్రరీ ప్యానెల్‌లో ఆ పేరు మీద క్లిక్ చేసి ఉంచి, మిగతా లేయర్ల విడ్త్‌ని దానికి కనెక్ట్ చేస్తూ పో. ఒక పూట పని, ఆ తర్వాత ఒక్కో పేరుకి ఒక్క అంకె మారిస్తే బొమ్మంతా మారుతుంది. ఇది నువ్వు మొదటి బొమ్మ నుంచే చేసి ఉండాల్సింది, కొత్త బొమ్మలకైనా చెయ్యి.

ఎంత తగ్గించాలి అంటే, రెండింతల దగ్గరికి వెళ్ళినప్పుడు సగానికి తగ్గిస్తే లెక్క ప్రకారం గీత మారదు, కానీ చూడటానికి బాగోదు. దగ్గరికొచ్చిన వస్తువు గీత కొద్దిగానైనా లావెక్కితేనే దగ్గరికొచ్చినట్టు ఉంటుంది. నేను 0.7 దగ్గర ఆపుతాను. మా టీమ్‌లో దీని మీద రోజూ వాదనే, కొందరు అసలు మారకూడదంటారు. నీ కంటికి ఏది నచ్చితే అది, కాకపోతే సీరీస్ అంతా ఒకే పద్ధతి పాటించు.

రంగుకీ గీతకీ మధ్య తెల్లటి సందు కనిపిస్తోందన్నావు. రీజియన్ (రంగు నింపే లేయర్) వేరుగా, అవుట్‌లైన్ వేరుగా గీశావు, అందుకే రెండూ విడిపోతున్నాయి. స్ప్లైన్ టూల్‌లో గీసేముందే రెండూ టిక్ చేసి ఉంచు, రెండు లేయర్లూ ఒకే పాయింట్లని పంచుకుంటాయి. ఇప్పటికే గీసినవాటికి రీజియన్ పాయింట్లకే లింకైన కొత్త అవుట్‌లైన్ చేసుకుని, పాతది తీసెయ్.

రేపు స్టూడియోలో ఉద్యోగం వస్తే సిన్‌ఫిగ్ ఉండకపోవచ్చు, భయపడకు. మోహోలో లైన్ విడ్త్ టూల్ ఉంటుంది, అదీ పాయింట్ల దగ్గరే పనిచేస్తుంది. అడోబీ యానిమేట్‌లో విడ్త్ టూల్ ఉంది, కానీ అక్కడ బ్రష్‌తో గీసింది గీత కాకుండా నింపిన ఆకారం అయ్యే వీలుంది, వెడల్పు దిద్దబోయే ముందు అది స్ట్రోకా ఫిల్లా చూసుకో. ఓపెన్‌టూన్జ్‌లో దీన్ని పంప్ అంటారు, గీత పట్టుకుని పైకి లాగితే లావు, కిందికి లాగితే సన్నం. ఓపెన్‌టూన్జ్ కూడా 2016 నుంచి ఉచితమే, ఎప్పుడైనా తీరిక దొరికితే తెరిచి చూడు, ఆ ఐరన్ టూల్ ఒక్కదాని కోసమైనా. వణికిన గీతని ఇస్త్రీ చేసేస్తుంది.

ఈ వారం ముఖమూ తోకా మాత్రమే దిద్దు, మిగతాది ముట్టుకోకు. పంపేటప్పుడు వీడియో పంపకు, సిన్‌ఫిగ్ దాచే సిఫ్‌జ్ ఫైలే పంపు, లేయర్లకి పేర్లు పెట్టి మరీ. "అవుట్‌లైన్ 046" అంటే ఏ చెవో నాకేం తెలుస్తుంది చెప్పు. అమ్మని అడిగానని చెప్పు, పోయినసారి పంపిన మాగాయ అయిపోయిందని కూడా చెప్పు.

పెద్దమ్మ