తాతగారి చాకు అమ్మే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

విజయనగరం నుంచి మావయ్య ఆశీస్సులు. బొబ్బిలి ఇల్లు సర్దుతుంటే మీ తాతగారి రంగూన్ పెట్టెలో మడత చాకు దొరికిందని, తుప్పు వదిలించి అమ్మేద్దామనుకుంటున్నానని రాశావు. ఆ తుప్పు జోలికి మాత్రం వెళ్లకు నాయనా. ఉప్పుకాగితాన్ని దాని దగ్గరికే రానివ్వకు. నలభై ఏళ్ల కిందట ఇంగ్లాండులోని షెఫీల్డ్ ఊళ్లో చేసిన పాత చాకు ఒకటి నాకు దొరికితే, మెరుస్తుంది కదా అని గంటస్తంభం దగ్గర సానపట్టించాను. అద్దంలా వచ్చింది గానీ, దాని మీద ఉన్న పేరు పోయింది. ఎవరు చేసిందో, ఎప్పటిదో ఇక తెలిసే దారి లేదు. ఇప్పటికీ దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని చాకు తెరువు. బ్లేడు పిడిలోకి దూరే చోట సన్నటి అక్షరాలుంటాయి. కుట్టుమిషను నూనె చుక్క వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున్న మెత్తటి గుడ్డతో తుడువు. వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని భూతద్దంతో చూడు. నక్షత్రం, పక్కన మాల్టా శిలువ (ఎనిమిది మొనల శిలువ) ఉంటే జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ల గుర్తు. ‘ఐ’కీ ‘ఎక్స్ ఎల్’కీ మధ్య నక్షత్రం ఉంటే వోస్టెన్‌హోమ్. రెండూ షెఫీల్డ్ కంపెనీలే. కిరీటంతో ‘వి ఆర్’ అని ఉంటే విక్టోరియా రాణి గుర్తు, ఆమె 1901లో పోయింది. ‘ఇంగ్లాండ్’ అన్న మాట ఎక్కువగా కనిపించేది, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కు, అంటే ‘స్టెయిన్‌లెస్’, చేసింది 1913లో. కాబట్టి ‘వి ఆర్’, ‘స్టెయిన్‌లెస్’ రెండూ ఒకే బ్లేడు మీద ఉంటే అనుమానించు.

పిడి ఎముకదైతే సూదిమొనంత నల్లచుక్కలుంటాయి. ఏనుగు దంతంలో అవి ఉండవు, కోసిన అంచున ఒకదాన్నొకటి దాటే సన్న గీతలుంటాయి. దంతమైతే అమ్మకు. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. దుప్పికొమ్ము అనిపించినా ముందు అటవీశాఖవాళ్లను అడుగు. పిడిని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడు, కర్పూరం వాసనేస్తే సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే వినకు, భగ్గుమంటుంది.

ఇక ధర. ఎన్నోసార్లు నూరితే బ్లేడు సన్నబడి, మూసినప్పుడు మొన పిడిలో లోపలికి దిగిపోతుంది. నిండుగా ఉన్నదానికే విలువ. తెరిచినా మూసినా ‘టక్’మనాలి, పక్కలకు ఊగకూడదు. మామిడికాయ కోసిన నల్లమచ్చలు తప్పు కావు, అలాగే ఉండనివ్వు. ఎర్రగా పొరలూడే తుప్పే చెడ్డది, దానికి నూనె చాలు. అమ్మేవాళ్లు అడిగే ధర చూసి ఆశపడకు, అలాంటిదే నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో కనుక్కో.

1942లో రంగూన్ నుంచి వచ్చేటప్పుడు ఆ చాకు తాతగారి మొలనే ఉండేదని మీ నాన్న చెప్పేవారు. అది ఒక కాగితం మీద రాసి, తాతగారి ఫోటో ఉంటే దానితో కలిపి పెట్టు. కొనేవాడికి అదీ విలువే, మనకైతే ఇంకా ఎక్కువ.

అక్షరాలు తేలాక రెండు వైపులా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఆదివారం నేనే బస్సెక్కి వస్తాను. అప్పటిదాకా నూలుగుడ్డలో చుట్టి ఉంచు. తోలుసంచిలో వద్దు, చెమ్మ పడుతుంది.

నీ మావయ్య