చిలుము రంగు కూజా కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హాంగ్‌కాంగ్‌లో పాత వస్తువులమ్మే హాలీవుడ్ రోడ్డు షాపులో చూశానని నువ్వు పంపిన ఫోటోలు చూశాం. "ఎవరి కంచు కూజా ఇది, చింతపండు పెట్టి తోమరూ?" అంది మీ అత్తయ్య. అది పింగాణీ అంటే నమ్మలేదు. చేసినవాడు వింటే పొంగిపోయేవాడు. మనం తోమి వదిలించే చిలుమే అక్కడ ముచ్చట.

చైనాలో ప్రాచీన షాంగ్, జౌ రాజవంశాల కాలపు కంచు పాత్రల ఆకారాలను తర్వాతి సోంగ్ వంశం కాలంలోనే మట్టిలోకి దించారు. చియెన్‌లుంగ్ చక్రవర్తి (1736-95) హయాంలో, పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊళ్లో ఆ మోజు బాగా ముదిరింది. నీ కూజా మీది పూతను 'టీ పొడి' గ్లేజు అంటారు. ఆవంలో పూతలోని ఇనుము వల్ల సన్నటి స్ఫటికాలు పుట్టి, గోధుమ రంగు మీద ఆకుపచ్చ పొడి చల్లినట్టు కనిపిస్తుంది.

నువ్వు నాలుగు ఫోటోలు అడుగున చక్రవర్తి పేరుతో ఉన్న ముద్రకే తీశావు. నేనూ అక్కడే బోల్తా పడ్డాను. ఆ ఆరు అక్షరాలు చదవడం కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో రెండు నెలల జీతం పోశాను. పాత చక్రవర్తి ముద్రను తర్వాతి వాళ్లు కూడా వేసేవారు, కొందరు గౌరవంతో, కొందరు మోసానికి.

కాబట్టి ముద్ర చివర్లో చూడు. ముందు మెడ పక్కనున్న రెండు గొట్టాలు చూడు. కంచు కూజాకి అవి తాడు దూర్చడానికి. పింగాణీలో తాడు లేదు, గొట్టాలు మిగిలాయి. మంచి పనివాడు వాటిని మెడలోంచే పుట్టినట్టు కలుపుతాడు, నకిలీలో తరచూ అతికించినట్టుంటాయి. తర్వాత మూతి అంచు. అక్కడ పూత పలచబడి గోధుమ రంగు తేలాలి. తిరగేస్తే, పాదం అంచుకి కంచులా కనబడాలని నల్లటి పూత రాసి ఉంటుంది. ఈ రకంలో ముద్ర సాధారణంగా చెక్కిందో అచ్చొత్తిందో అయి ఉంటుంది. నీలం రంగుతో రాసి ఉంటే నాకు ఫోన్ చెయ్యి. ఇవన్నీ సరిపోయినా అసలుదే అనుకోకు, తెలిసినవాడి చేతికివ్వు.

బేరం కుదిరితే రసీదు జాగ్రత్తగా చదువు. 'చియెన్‌లుంగ్ ముద్ర' అని మాత్రమే రాస్తే ముద్ర ఉందని చెప్పినట్టే, కాలం గురించి మాట ఇచ్చినట్టు కాదు. 'ముద్ర, కాలం రెండూ' అని రాసిమ్మని అడుగు. షాపువాడు నసిగాడా, టీ తాగేసి వచ్చెయ్.

నా కూజాలో మీ అత్తయ్య నెమలీకలు పెట్టుకుంది.

మీ మామయ్య